వంకర ఊచ

రోజలిన్ ఒక ఇనప ఊచ తెచ్చి నా చేతిలో పెట్టింది. రెండు కొసలూ వంకర తిరిగి, ఒక కొస సూదిలా ఉంది.

"ఇదేటి మావయ్యా? నాన ఫిడేలు తీగ మీటుతాడు, ఇది నా సేతిలో పెడతాడు. రోజూ ఇదే గొడవ. బజార్లో అడిగితే బెల్లం దిమ్మలో పొడిసి సూసేదన్నారు."

అనకాపల్లిలో ఏ ఇనపముక్క కనబడినా బెల్లానికే అంటగడతారు. ఓ పళ్ల డాక్టరు పట్టకారుకీ ఆ గతే పట్టింది, అది వేరే కథ.

హార్మోనియాలూ ఫిడేళ్లూ బాగుచేసి బతికినవాణ్ణి కనక పోల్చుకున్నాను. ఫిడేలు కడుపులో చిన్న కర్ర ఒకటి నిలబడి ఉంటుంది. అది పడిపోతే నాదం చచ్చిపోతుంది. దాన్ని గుచ్చి మళ్లీ నిలబెట్టేది ఈ ఊచ.

"అయితే బాగుసెయ్యమంటన్నాడా! పచ్చవాతంతో మాట పడిపోయాక నాన అడిగింది ఇదొక్కటే," అంటూ నన్ను లాక్కుపోయింది.

మంచం మీంచి మా బావ సత్యరాజు ఫిడేలు నా ముందుకు తోశాడు. టార్చి వేసి లోపల చూశాను. కర్ర ఉన్నచోటే నిటారుగా ఉంది. తీగల మీద కమాను లాగాను. అతను చర్చిలో వాయించిన రోజుల్లోలాగే గదంతా మోగింది.

సత్యరాజు తల అడ్డంగా ఊపి, ఊచ నా చేతిలో పెట్టాడు.

నేను అతని వెనక్కి వెళ్లి, "బావా!" అని గట్టిగా కేకేశాను. అతను ఫిడేలు కేసే చూస్తున్నాడు. మాట పడిపోయిన మనిషి పలకకపోతే, చెవులు కూడా పోయాయని ఎవరనుకుంటారు?

"కర్ర కాస్త జరిపి సూడు మావయ్యా," అంది రోజలిన్, తప్పు ఇంకా ఫిడేలుదే అనుకుని.