ఎవరూ తుడవని ట్రే

ఓవెన్ ట్రే తుడవలేదని అత్తగారు, తుడిచానని కోడలు సాయంత్రమంతా వాదించుకున్నారు. చీకటి పడ్డాక ఓవెన్ మీద ఎఫ్ త్రీ అని వెలిగింది. వేడి మించిపోతోందని దానర్థం. రేపు పాప పుట్టినరోజు కేకు అందులోనే చెయ్యాలి.

కోడలు ప్లగ్గు తీసి, గంట ఆగి, లోపల వేడిని కొలిచే కడ్డీని తుడవబోయింది. అది చల్లారనే లేదు. నాలుకలా వెచ్చగా, తడిగా, జిగటగా గుడ్డకి అంటుకుంది. ఆమె చటుక్కున చెయ్యి లాక్కుంది. తలుపు మూశాక లోపల ఏదో చప్పరించింది. ప్లగ్గు లేకపోయినా ఎఫ్ త్రీ ఆరలేదు.

భోజనాల దగ్గర, "దాన్ని పారేద్దామండీ" అంది భర్తతో.

"ట్రే తుడవలేక ఓవెన్నే పారేస్తుందట" అని అత్తగారు నవ్వారు. తర్వాత వేళ్లు చప్పరిస్తూ తేల్చేశారు. "కేకు అందులోనే. ట్రే ఇక ఎవరూ తుడవొద్దు. అదే శుభ్రంగా నాకేస్తుంది."