హీరో వీపు

ఎర్ర గ్లవ్స్ బొమ్మ ఉన్న ఆ డిస్కు పెట్టె మీద నా చెయ్యి పడేలోపే ఇంకో చెయ్యి పడింది.

టోపీ పెట్టుకున్న పెద్దాయన. చంకలో అప్పటికే నాలుగు డిస్కులున్నాయి.

అరల మీది పేర్లన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ అక్కడిదాకా వచ్చేసరికి నాకు అరగంట పట్టింది. ఆయనకు ఒక్క చూపు చాలింది.

"ఇది ఇంకొకటి ఉందా బాబూ?" కొట్టతన్ని అడిగాను.

"ఇంకోటా! ఆ ఒక్కటి మిగలడమే గొప్ప. ఈ రోజుల్లో డిస్కులు కొనేదెవరు పిన్నిగారూ? ఫోన్‌లో చూసెయ్యండి."

ఫోన్‌లో చూశాను. వారంలో మూడుసార్లు చూశాను. నాక్కావలసింది అందులో లేదు.

వారం కిందట బస్‌స్టాపు దగ్గర ఫైట్ మాస్టారు కనిపించారు. మా ఆయన ఆయన దగ్గరే పనిచేసేవారు. "ఆ బాక్సింగు సినిమా డిస్కులో షూటింగు ముక్కలు కూడా వేశారమ్మా. అందులో మనవాడు మాట్లాడతాడు, చూశావా?" అన్నారు.

మాట్లాడతాడు.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. పొయ్యి మీద గిన్నె పెట్టి వీధిలోకి వచ్చేస్తున్నాను. ఊళ్ళో డిస్కులమ్మే కొట్లు మూడే మిగిలాయి. ఇది మూడోది.

ఆయన పోయి పదకొండేళ్ళు. ఫొటోలు రెండున్నాయి. గొంతు ఎక్కడా లేదు.

"అది నాకివ్వండి అన్నయ్యగారూ," అన్నాను.

టోపీ ఆయన పెట్టెను గుండెకు హత్తుకున్నాడు. "ఇంట్లో బాక్సింగు సినిమాలు పదహారున్నాయమ్మా. ఇదొక్కటే లేదు. అందులోనూ ఇది సీలు విప్పనిది."

"ఇంటికెళ్ళి విప్పుతారుగా?"

"అయ్యో, విప్పితే ఇంకేముంది! అలాగే అద్దాల అరలో పెడతాను."

"అంటే కొన్నవి చూడరు."

"చూడ్డానికి వేరేవి ఉన్నాయి."

కొట్టతను పకపకా నవ్వాడు. "ఆయన సంగతి సరే, మీరు దేంట్లో చూస్తారు పిన్నిగారూ? ఇంట్లో ప్లేయరుందా?"

లేదు. ఆ సంగతి నాకు తోచనే లేదు.

అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

"అందులో మా ఆయన ఉన్నారు," అన్నాను.

"ఎవరూ, హీరోనా?" టోపీ ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"హీరో వీపు."

ఇద్దరూ నావైపు చూశారు.

"దెబ్బలు తినేచోట హీరో ఉండడు కదా. డూపు. ముఖం కనపడకూడదు."

టోపీ ఆయన పెట్టెను వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చూశాడు. "ఆఖరి రౌండులో పడిపోయి, తాడు పట్టుకుని లేస్తాడు. ఆ వీపా?"

"ఆ వీపే. కుడి భుజం కింద పుట్టుమచ్చ."

"హాల్లో తొమ్మిదిసార్లు చూశానమ్మా. హీరోదే అనుకున్నాను."

"అలా అనుకోవాలనేగా జీతమిచ్చింది."

నన్నూ మా ఆయన ఇంకో రకంగా నమ్మించారు. గ్లవ్స్ నిండా దూదే, దిండుతో కొట్టినట్టుంటుంది అనేవారు. కిందపడి పడుకోవడమే నా ఉద్యోగం, లేస్తే ఓవర్‌టైమ్ అనేవారు.

పై అంతస్తుకు ఇల్లు మారిన రోజు ఆయన బీరువా మీద చెయ్యి వెయ్యలేదు. మెట్టు మీద కూలబడి, రేపు చూద్దాం అన్నారు.

"పడుకోడానికి జీతం తీసుకునే మనిషి, బీరువా ఏం మోస్తాడు!" అన్నాను, నలుగురిలో.

నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వారు. పక్కింటివాళ్ళు బీరువా ఎక్కించారు.

టోపీ ఆయన గోరు సీలు అంచు మీద ఆడుతోంది. ఆగుతోంది. మళ్ళీ ఆడుతోంది.

"బ్లేడుందా?" అన్నాడు చివరికి.

"బాగా ఆలోచించుకోండి సార్."

"ఇవ్వవయ్యా! ఆలోచిస్తే ఇక విప్పను."

కవరు చర్రున చిరిగింది.

డిస్కులు ఆడుతున్నాయో లేదో చూసే చిన్న టీవీ, ప్లేయరు కౌంటరు మీదే ఉన్నాయి. కొట్టతను నాకు స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు.

రింగు. లైట్లు. ఒక మూల గొడుగు కింద హీరో కూర్చుని ఏదో తాగుతున్నాడు.

రింగులో మా ఆయన. ముఖంతో.

దెబ్బ పడింది. అది దూది చప్పుడు కాదు.

పడ్డారు. "ఇంకోసారి!" అని ఎవరో అరిచారు. లేచారు. మళ్ళీ పడ్డారు. "ఇంకోసారి!"

ఆరోసారి పడ్డాక లేవలేదు. ఎవరో పరిగెత్తుకొచ్చి ముఖాన నీళ్ళు చల్లారు.

నా చేతులు కౌంటరు అంచును పట్టుకుని ఉన్నాయి.

తాడు పట్టుకుని లేచారు. ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని, కెమెరా పక్కకు చూస్తూ అన్నారు:

"మాస్టారూ, త్వరగా కానివ్వండి. ఇవాళ ఇల్లు మారుతున్నాం. మా ఆవిడ బీరువా ముందు నిలబడి నా కోసం చూస్తూ ఉంటుంది."

రింగు చుట్టూ అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

కొట్టతను నవ్వబోయి, నన్ను చూసి ఆగిపోయాడు.

"మళ్ళీ వెయ్యనా పిన్నిగారూ?"

తల ఊపాను. వేశాడు. ఇంకోసారి వేశాడు.

రెండోసారికి టోపీ ఆయన తెరవైపు చూడలేదు. చిరిగిన కవరును మడతలు పెడుతూ నిలబడ్డాడు. అయ్యాక డిస్కును పెట్టెలో పెట్టి, మూత నొక్కి, నా ముందుకు జరిపాడు.

"మరి మీ పదిహేడోది?"

"సీలు పోయిందిగా," అన్నాడు ఎటో చూస్తూ. "మా ఇల్లు ఈ వీధి చివరే చెల్లెమ్మా. ప్లేయరుంది. ఎప్పుడు వినాలనిపించినా రండి."

డబ్బిచ్చి బయటపడ్డాను. బస్సొస్తే ఎక్కలేదు. ఇంటిదాకా నడిచాను.

మెట్లెక్కి, డిస్కును ఆ బీరువాలోనే పెట్టి తాళం వేశాను.

మళ్ళీ తీశాను.