ఏడు సెకన్ల వెనక ఊరు

స్టూడియోలో పదకొండయిన ఏడు సెకన్లకు గాని ఊళ్లో పదకొండు కాదు.

ఆ ఏడు సెకన్లకూ కాపలా అతనే. రేడియోలో ఫోన్ కార్యక్రమాలన్నింటినీ ప్రత్యక్ష ప్రసారమనే చెబుతారు. నిజానికి అద్దం అవతల మాట్లాడిన మాట ముందు ఒక మెషీన్‌లోకి వెళ్తుంది. అక్కడ ఏడు సెకన్లు ఆగి, అప్పుడు ఊరికి వినబడుతుంది. ఫోన్ చేసినవాళ్లు బూతులకు దిగినా, పెద్దవాళ్ల మీద నోరు పారేసుకున్నా అతను ఎర్ర మీట నొక్కాలి. ఆ ఏడు సెకన్లూ మాయమై, లైను తెగి, పాట మొదలవుతుంది. పద్నాలుగేళ్లలో ఆ అవసరం ఐదుసార్లే వచ్చింది. అయినా ఆఫీసులో అందరికీ అతను కత్తెర బాబాయే.

ఆ ఉదయం కొత్త యాంకరమ్మాయి వచ్చి అతని బల్ల మీద కూర్చుంది.

"బాబాయ్, నాకో అనుమానం. నేను 'ఇప్పుడు' అంటాను. వాళ్లు వినేసరికి నా ఇప్పుడు అయిపోయి ఉంటుంది. మరి అసలు ఇప్పుడంటే ఏది? నేను అన్నదా, వాళ్లు విన్నదా?"

"రెండూ కాదమ్మా. నా వేలు ఊరుకుంటే అది ఇప్పుడు. ఊరుకోకపోతే అసలు జరగనే లేదు."

"అబ్బో, దేవుడి ఉద్యోగమే!"

"జీతం మాత్రం గుమాస్తాది. దిగు, బల్ల విరుగుతుంది."

ఆమె నవ్వుకుంటూ వెళ్లింది. అతనికి నవ్వు రాలేదు. ముందురోజు సాయంత్రం అక్క అన్న మాటలే చెవిలో తిరుగుతున్నాయి.

"రేపు నీటి సరఫరా అధికారి మీ రేడియోకి వస్తున్నాడటగా. నేను ఫోన్ చేస్తాను."

"వద్దక్కా. ఆయన్ని పిలిచింది మా ఓనరే. ఒక్క మాట తేడా వస్తే నా ఉద్యోగం ఊడుతుంది. పిల్లలిద్దరూ చదువుల్లో ఉన్నారు."

"నీకు చదువుకునే పిల్లలైనా ఉన్నారు."

అక్క కూతురు పోయి నెల కాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల. కుళాయి నీళ్లలో మురుగు కలిసి వీధిలో ఇంటికొకరు మంచం పట్టారు. ఇప్పటికీ ఆ వీధి పిల్లలంతా తాగుతున్నది ఆ నీళ్లే.

"నువ్వేం చెయ్యక్కర్లేదురా," అంది అక్క. "ఊరికే కూర్చో. చాలు."

పదకొండింటికి అధికారి వచ్చి కూర్చున్నాడు. ప్రతి చుక్కా పరీక్షించాకే వదులుతున్నామన్నాడు. ఇద్దరు ఫోన్ చేసి ఆయన్ని పొగిడారు. మూడో ఫోన్ మోగింది.

"హలో."

ఆ ఒక్క మాటకే గుర్తుపట్టాడు. చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది.

"అయ్యా, మా వీధి నీళ్లు కంపు కొడుతున్నాయని రెండుసార్లు అర్జీ ఇచ్చాం. చూశాం, బాగానే ఉన్నాయని మీరు సంతకం పెట్టారు. మీరు మా వీధికి రానే లేదు."

అతని బల్ల మీద ఒక చిన్న రేడియో ఉంటుంది. ఊరు ఏం వింటోందో తెలియడానికి. అందులో అధికారి ఇంకా పొగడ్తలకు నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఆగింది. రేడియో కూడా "హలో" అంది.

అతను రేడియో వైపు చూశాడు.

"సంతకం కింద తారీకు ఉంది. ఆ రోజు నా కూతురు ఆసుపత్రిలో ఉంది. జ్వరం దిగుతుందన్నారు. ఇంటికి తీసుకెళ్లొచ్చన్నారు. చెప్పులు కొనిపెట్టమంది. నాలుగో రోజు పోయింది."

ఏడు సెకన్లు. హెడ్‌ఫోన్‌లో పిల్ల పోయింది. రేడియోలో ఇంకా బతికే ఉంది. జ్వరం దిగుతుందంటున్నారు. అతను కళ్లు మూసుకున్నాడు. రేడియోలోనూ పోయింది.

అద్దం అవతల అధికారి మొహం మాడిపోయింది. యాంకరమ్మాయి హెడ్‌ఫోన్ తీసేసింది. ఇద్దరూ అతని వైపే చూస్తున్నారు.

పది నిమిషాల్లో మేనేజరు గదికి పిలుపు వచ్చింది.

"ఏమయ్యా, చెయ్యి పడిపోయిందా?"

అతను తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు.

"పద్నాలుగేళ్లుగా ఉన్నావని అడుగుతున్నాను. మెషీన్ పాడైందని ఒక్క మాట అను. అదే రాసుకుంటాను. నీ ఉద్యోగం నీకుంటుంది."

తలుపు దగ్గర యాంకరమ్మాయి నిలబడి ఉంది. వెనక వాచ్‌మన్, టీ ఇచ్చే మనిషి. ఇన్నేళ్లలో ఎవరూ అతన్ని అంత గౌరవంగా చూడలేదు.

"మెషీన్‌కేం సార్," అన్నాడు. "దివ్యంగా ఉంది."

"అయితే ఇక దయచెయ్యి."

సాయంత్రానికి అక్క వాళ్ల వీధి తవ్వారు. మురుగు కాలువలో మునిగి ఉన్న పైపు బయటపడింది. ఊరంతా అదే మాట. అతను అక్క ఇంటికి వెళ్తే, పక్కింటాయన తన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేసి, "మగాడంటే నువ్వయ్యా" అని భుజం తట్టి వెళ్లాడు.

అక్క అతని పక్కనే గడప మీద కూర్చుంది. అతని కుడిచెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కూతురు పోయాక ఆమె అతనితో ఏడవకుండా మాట్లాడడం అదే మొదటిసారి.

"నా కోసం నీ పొట్ట కొట్టుకున్నావు కదరా."

"ఊరుకో అక్కా."

"నిన్న నిన్ను అనరాని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు. నువ్వు నొక్కవని నాకు తెలుసు. తోడబుట్టినవాడివి, నువ్వెలా నొక్కుతావు?"

అతను చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఒక్కటి చెప్పరా. ఆ ఏడు సెకన్లూ ఏమనుకున్నావు?"

"ఏమీ అనుకోలేదక్కా," అన్నాడు, తవ్విపోసిన మట్టి వైపు చూస్తూ.

ఎప్పుడు పాడైందో ఎవరికీ తెలియని ఆ మీటను, అక్క "హలో" అనగానే, అతను మూడుసార్లు నొక్కాడు.