చెయ్యి వెయ్యొద్దు

"ఒక్క మాట చెప్పాలి సరంగు గారూ," అంది ఆవిడ, భర్త కింద క్యాబిన్‌లో టోపీ వెతుక్కుంటుంటే. "చేప పడ్డాక మావారు మధ్యలో వదిలేస్తానంటారు. బతిమాలతారు. తిడతారు కూడా. మీరు మాత్రం చెయ్యి వెయ్యొద్దు."

సరంగు చుక్కాని వదలకుండా తల తిప్పాడు. వెనకాల ఒడ్డు అప్పటికే గీతలా మిగిలింది.

"రికార్డు కోసమా అమ్మా?"

"ఇంకెందుకు? పోయినసారి ఎవరో జాలిపడి గేలం కర్ర అందుకున్నారు. చేప దక్కింది, రికార్డు పోయింది. ఇంటికొచ్చి నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు."

సరంగుకి విడమరచి చెప్పక్కర్లేదు. సరదా వేటకి వచ్చేవాళ్ళ రికార్డులకి ఉన్న నియమం అదే. చేప గేలానికి తగులుకున్న దగ్గర్నుంచి బోటు పక్కకి వచ్చేదాకా కర్రనీ, దారం చుట్టే రీలునీ పట్టినవాడు తప్ప ఇంకొకరు తాకకూడదు. వేలు తగిలినా ఆ చేప లెక్కలోకి రాదు. ఒకసారి ఓ పెద్దమనిషి చేతులు బొబ్బలెక్కి ఏడుస్తుంటే సరంగు చూడలేక కర్ర అందుకున్నాడు. ఒడ్డుకి వచ్చాక ఆ పెద్దమనిషే నలుగురిలో ఇతని చొక్కా పట్టుకున్నాడు. అప్పట్నుంచీ రేవులో ఇతని పేరు దయామయుడు. వలలు బాగుచేసే ముసలాయన కూడా అలాగే పిలుస్తాడు.

"మీ సంగతి విన్నాను," అంది ఆవిడ. "అందుకే మీ బోటే కావాలన్నాను. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళు మళ్ళీ ఆ పని చెయ్యరు."

కింద డెక్కు మీద ఎరలు కడుతున్న సరంగు బావమరిది పైకి చూసి నవ్వాడు. "ఇన్నాళ్ళకి ఆ పేరు అక్కరకొచ్చింది బావా."

భర్త పైకొచ్చాడు. టోపీ దొరకలేదు. రెయిలింగు పట్టుకుని నడిచి భార్య పక్కన నిలబడ్డాడు.

"ఎండ మండిపోతోంది. వెనక్కి వెళ్ళిపోదామా?"

"ఇంత దూరం వచ్చాక వెళ్ళడమేంటండీ?" అంటూ తన టోపీ తీసి అతని తల మీద పెట్టింది.

మధ్యాహ్నం దాటాక చేప పడింది. రీలు కీచుమంది. దూరంగా నీళ్ళలోంచి ఈటెలాంటి ముక్కు లేచింది. దాని వెనక ఎద్దంత ఒళ్ళు గాల్లో మెలితిరిగి పడింది. అలాంటి మార్లిన్ చేపని సరంగు చూసి చాలా కాలమైంది.

భర్త కదల్లేదు. భార్య వంక చూశాడు.

"వెళ్ళండి. మీ చేపే."

అతను వెళ్ళి కర్ర అందుకుని డెక్కుకి బిగించిన కుర్చీలో కూర్చున్నాడు. కర్రకి వేలు తగలకుండా ఆవిడే భుజాల పట్టీలు బిగించింది. వాటి కొక్కేలు రీలుకి ఎక్కడ తగిలించుకోవాలో దూరం నుంచే చూపించింది. అతను రెండుసార్లు తడబడ్డాడు.

"చాన్నాళ్ళయింది కదా," అంది సరంగుతో.

మొగుడి ముచ్చట కోసం ఇంత నేర్చుకున్న ఆడమనిషిని సరంగు చూడలేదు. అదృష్టవంతుడు, అనుకున్నాడు.

చేప లాగింది. అతను లాగాడు. చేప కిందికి దిగింది. బోటు నీడ నీళ్ళ మీద పొడుగ్గా సాగింది. అతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఇంక నావల్ల కాదు. ఎవరైనా పట్టుకోండి," అన్నాడు.

సరంగు ఆవిడ వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నీకు దణ్ణం పెడతానే. కొక్కేలు నాకు ఊడి రావట్లేదు, ఈ పట్టీలు విప్పించు."

"ఇప్పుడిలాగే అంటారు," అంది ఆవిడ సరంగుతో. "రేపు నా ప్రాణం తీస్తారు."

తువ్వాలు తడిపి అతని మొహం తుడిచింది. నీళ్ళు తాగించింది.

"బావా," అన్నాడు బావమరిది. ఈసారి నవ్వలేదు. "మనిషి రంగు మారిపోతున్నాడు."

"గుండెల్లో పట్టేస్తోంది," అన్నాడు అతను.

"గ్యాసు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదుగా," అంది ఆవిడ.

సరంగు బావమరిదిని పైకి పిలిచి, చుక్కాని అప్పగించి నిచ్చెన దిగాడు. మనిషి దక్కడేమోనన్న భయం పట్టుకుంది. చెయ్యి చాపాడు. కర్ర ఇంకా జానెడు దూరంలో ఉంది.

"సరంగు గారూ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఉన్న పేరు చాలదా?"

చెయ్యి అక్కడే ఆగింది.

అతని తల గుండెల మీదికి వాలింది. చేతులు రీలు మీంచి జారాయి. కర్ర కొస మాత్రం ఊగుతూనే ఉంది.

అప్పుడు సరంగు కత్తి తీసి దారం కోశాడు. పట్టీలు విప్పి, డెక్కు మీద పడుకోబెట్టి, గుండె మీద రెండు చేతులతో నొక్కాడు. తన చేతులు పడిపోయేదాకా నొక్కాడు. లాభం లేకపోయింది.

ఆవిడ ఏడవలేదు. చేప పోయిన వైపే చూస్తూ నిలబడింది. దుఃఖం లోపలే గడ్డకట్టుకుపోయింది కాబోలు అనుకున్నాడు సరంగు.

రేడియోలో చెప్పడంతో రేవులో అంబులెన్సు, పోలీసులు సిద్ధంగా ఉన్నారు. హోటల్లో ఉండిపోయిన, పోయినతని చెల్లెలు కూడా కబురు తెలిసి వచ్చింది. స్ట్రెచరు వెళ్ళిపోయాక ఆమె మెట్ల మీద కూలబడింది. ఏదో ఒకటి చెప్పకపోతే సరంగుకి ఊపిరాడేలా లేదు.

"రికార్డంటే ఆయనకి ప్రాణమని మీ వదిన గారు ముందే చెప్పారమ్మా. అందుకే ఆయన వద్దు మొర్రో అంటున్నా నేను చెయ్యి వెయ్యలేదు."

చెల్లెలు తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"మా అన్నయ్య జన్మలో గేలం పట్టి ఎరగడండీ," అంది, "ఈ వేట పిచ్చంతా మా వదినది."