విరుగుడు

"లక్షణాలు కనపడకుండ పాము మందు ఎక్కించొద్దు మేడం," అంటూ నర్సు త్రివేణి గోడకు అంటించిన నిబంధనల కాగితం వైపు చేయి చూపింది. "రేపు పైనుంచి అడిగితే ఏం జవాబు చెప్తం?"

డాక్టర్ నిహారికకు ఆ కాగితం కంటపడితేనే ఒళ్లు మండింది. మంచం మీద ఎల్లయ్య కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఒంటి మీద ఎక్కడా కాటు లేదు, వాపు లేదు. తెల్లవారుజామున అతణ్ని బండి మీద తెచ్చిన అన్న గోపయ్య తలుపు దగ్గర నిలబడి, వాడు లేకపోతే తమకు గొర్ల మందా లేదు, ఇల్లూ లేదని దండాలు పెడుతున్నాడు.

రాత్రి ఎక్కడ పడుకున్నారని అడిగింది నిహారిక. మర్రిగూడ అవతల ఎవరిదో చెల్కలో ఎరువు కోసం గొర్ల మంద పెట్టారట. చలికి అన్నదమ్ములిద్దరూ ఒకే గొంగడి కప్పుకుని నేల మీదే పడుకున్నారట.

ఆమెకు అనుమానం గట్టిపడింది. కట్లపాము కాటుకు మంట ఉండదు, గాటు కనిపించదు. ముందు కడుపునొప్పే వస్తుంది. రెప్పలు వాలిపోవడం లాంటి లక్షణాలు బయటపడేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఊపిరే ఆగిపోతుంది.

దవాఖానలో ఉన్న మందు ఒక్క మనిషికే సరిపోతుంది. అంబులెన్సు వేరే కేసు మీద పోయింది. నల్లగొండ నుంచి మందు తెప్పించాలంటే మధ్యాహ్నం దాటుతుంది. జర ఆగి చూద్దామని త్రివేణి మళ్లీ బతిమాలింది.

"బాధ్యత నాది. ఎక్కియ్యి," అంది నిహారిక.

మందంతా సెలైన్‌లో కలిపి ఎక్కించారు. చివరి చుక్క దిగేసరికి ఎల్లయ్య భళ్లున కక్కాడు. కాసేపటికి నొప్పి తగ్గిందంటూ లేచి కూర్చున్నాడు. మొన్నటి తలకాయ కూర వాసన వస్తున్నా పారేయబుద్ధి కాక, రాత్రి తానొక్కడే తిన్నానని సిగ్గుపడుతూ చెప్పాడు. త్రివేణి ఖాళీ సీసాలను చెత్తడబ్బాలో వేసింది. నిహారికకు తల కొట్టేసినట్టయింది. పోనీలే, మనిషి దక్కాడు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

గోపయ్య గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చాడు. తల వెనక్కి వాల్చి, ముఖం పైకెత్తి ఆమెను చూడబోయాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"మా తమ్ముడు బతికిండు, గదే సాలమ్మా. ఇగ జర నా దిక్కు సూడు. ఎంత లేపినా రెప్పలు లేస్తలేవు."