కాన్పు గది మాట

తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక అక్షరాలు నేర్చుకున్నాను. చెయ్యి ఇంకా నెమ్మదే. ఈ నాలుగు ముక్కలకే పన్నెండు రోజులు పట్టింది.

బట్టల కార్ఖానాలో కొత్తగా చేరిన ఊడ్చే ఆవిడ, టీ వేళ చీపురు గోడకానించి వెనక తలుపు దగ్గర నిలబడింది.

"ఈ మీట మీద ఏం రాసుందో చెప్పండమ్మా."

"చదువొస్తే ఈ మిషన్ల ముందెందుకు కూర్చుంటాం?" అంది కాజాలు కుట్టే ఆమె.

"పుష్ అని. ఇంగ్లీషు మాట," అంది ఊడ్చే ఆవిడే.

"అదా. కాన్పు గదిలో నర్సమ్మ అరిచే మాట," అంది గుండీలు కుట్టే ఆమె. బిడ్డను కని పనిలోకి వచ్చి నెలే అయింది.

అందరూ నవ్వారు.

"అదే మాట. బండి ఆగిపోతే తొయ్యమనేదీ అదే. ఇక్కడ మాత్రం నొక్కమని. ఈ పిడి పేరుకే. ఎంత లాగినా రాదు. గోడ మీది ఈ మీట నొక్కితేనే గడియ ఊడుతుంది. రండి, ఒక్కొక్కరూ నొక్కండి."

ఆ రోజు సరదాగానే నొక్కారు. రోజూ అదే తంతు. టీలు చల్లారిపోయేవి.

"నీకేమన్నా పిచ్చా వదినా?"

"పిచ్చే అనుకో. నొక్కు."

చివరికి కాజాలామె సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"ఊడవడం మానేసి మాకు పాఠాలు చెబుతోందండీ."

మర్నాడు చీపురు మరొకరి చేతిలో ఉంది.

పదో రోజున, ముందు తలుపు పక్కనున్న గుడ్డముక్కల గుట్ట అంటుకుంది.

నలభై మంది వెనక్కి పరుగెత్తారు. పొగలో కళ్ళు తెరుచుకోవడం లేదు. తలుపు ముందుగా అందుకున్నది కాజాలామె.

పిడి పట్టి లాగింది. రాలేదు.

"తాళమేసి చచ్చారే."

"లాగక్కా, లాగు."

రెండు చేతులతో లాగింది. గోళ్ళు విరిగాయి. వెనక ఎవరో కూలబడ్డారు.

"ఇంట్లో పాలు తాగే బిడ్డుందక్కా," గుండీలామె దగ్గుతూ ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఏడుపు ఆపింది. "కాన్పు గది. అక్కా, కాన్పు గది మాట."

కాజాలామె పిడి వదిలి గోడంతా తడిమింది. మీట చేతికి తగిలింది.

నలభై మందీ వీధిలో పడ్డారు.

మర్నాడు కాజాలామె, చేతికి కట్టుతోనే, ఊడ్చే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. గదికి తాళం.

"మొన్ననే ఖాళీ చేసింది," అంది ఇంటావిడ. "ఎక్కడికో చెప్పలేదు. ఇంకో కార్ఖానా చూసుకుంటానంది."

"అంత ఇంగ్లీషు వచ్చినావిడకి చీపురు పనేమిటండీ?"

"ఇంగ్లీషెక్కడిదమ్మా? ఆ ఒక్క మాటే నేర్చుకుంది. ఇదివరకు పనిచేసిన కార్ఖానా తగలబడినప్పుడు తలుపు ముందుగా అందుకున్నది ఆవిడే. బయటివాళ్ళు వచ్చి తెరిచేదాకా పిడి లాగుతూనే ఉందట, వీపుకి ఆనుకుని కూతురు ఊపిరి వదిలేసిందని తెలియక."

ఇట్లు,
కాజాలామె. వయసు అరవై ఒకటి. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, వెనక గదిలో ఉంటున్నాను.