పెంకు దొరికిన చోటు

“రేపు ఆ మూలకు వస్తుంది తవ్వే మిషను” అన్నాడతను కంచం ముందు కూర్చుని. అన్నం వడ్డిస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది.

ఏ మూలో ఇద్దరికీ తెలుసు. మూతబడ్డ ఇటుకల బట్టీ వెనకాల, ముళ్లకంప పక్కన. బట్టీలో కూలికున్న రోజుల్లో, నడక వచ్చీ రాని కూతురు జ్వరంతో పోతే అక్కడే పూడ్చుకున్నారు. గుర్తుగా రాయి పెడతామంటే బట్టీ యజమాని ఒప్పుకోలేదు. ఇప్పుడా నేలంతా అమ్ముడుపోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటికి ఇనుము మోసే కూలీల్లో అతనూ ఒకడు. ముద్ద నోట్లోకి పోవాలంటే మొయ్యక తప్పదు.

ఆ ఒక్క మూల వదిలెయ్యమని సాయంత్రమే సూపర్‌వైజరును బతిమాలాడు. సూపర్‌వైజరు కోప్పడనైనా లేదు. టీ తాగుతూనే, “రాయి ఉందా, రప్ప ఉందా? రేపు ఇంకొకడొచ్చి మా తాతున్నాడంటాడు. పోయి పని చూసుకో పెద్దాయనా” అన్నాడు.

“తీసి వేరే చోట పెట్టుకుందామే” అన్నాడతను ఇప్పుడు, కంచంలోకి చూస్తూ.

“నువ్వు తవ్వుతావా?”

అతను కంచం పక్కకు జరిపాడు.

“ఎండ తగిలితేనే కందిపోయేది దాని ఒళ్లు. నా ఒంట్లో ప్రాణముండగా దాని మీద గునపం పడనివ్వను.”

పక్కింటి లారీ డ్రైవరు ఒకసారి చెప్పిన సంగతి ఆమె మర్చిపోలేదు. ఎక్కడో పునాదులు తీస్తుంటే పాతకాలం కుండలు బయటపడ్డాయట, ప్రభుత్వం వాళ్లొచ్చి పని ఆపేశారట. లేచి, గూట్లోంచి ఒక పెంకు తీసింది. సగం నలుపు, సగం ఎరుపు, మీద సన్నటి గీతలు. బిడ్డకు గుంట తీసేటప్పుడు గునపానికి తగిలిన పెంకు అది. కూతురి ఫొటో ఒక్కటైనా లేదు వాళ్ల దగ్గర. ఆ మట్టిలోంచి వచ్చిందని దాన్నే దాచుకుంది.

“కుండపెంకు చూసి ఆపేస్తారంటావా?”

“నమ్మకం లేకపోతే ఇంట్లో కూర్చోవయ్యా.”

నమ్మకం లేకపోయినా పొద్దున్నే ఆమె వెంట పురావస్తు ఆఫీసుకు వెళ్లాడు. ఇది పాతసామాన్ల కొట్టు కాదని అటెండరు నవ్వాడు. బల్ల మీద కూర్చున్నంతసేపూ అతని చెవుల్లో మిషను హోరే. ఈ పాటికి అయిపోయి ఉంటుందనుకున్నాడు.

ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న వయసు. పెంకు చేతిలోకి తీసుకోగానే ఆమె మొహం మారిపోయింది. ఎక్కడిదని అడిగింది. బిడ్డ సంగతి చెబితే ఈమె కూడా కథలల్లుతున్నారంటుందేమోనని భార్య, వానకు బయటపడిందని అబద్ధమాడింది. ఆఫీసరమ్మ పెంకును కవరులో పెట్టి సంచిలో వేసుకుంది. మళ్లీ ఇస్తారా అని అడిగితే, ఇక ఇది ప్రభుత్వానిదంది. భార్య తలూపింది.

వాళ్లను జీపులో ఎక్కించుకుని వెళ్లేసరికి, మిషను ముళ్లకంపను పెకిలిస్తోంది. సూపర్‌వైజరు ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఆఫీసరమ్మ కూడా చేసింది. గొంతు పెంచలేదు, పక్కకు జరగనూ లేదు. వాదన చాలాసేపు సాగింది. చివరికి మిషను నోరు మూసింది.

అతను అక్కడే చతికిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక, తాము అడిగింది జరగడం ఇదే మొదలు.

“నీ కూలి కూడా పోయిందయ్యా, సంతోషమేనా?” అన్నాడు సూపర్‌వైజరు వెళ్తూ.

“పోనీండి సార్.”

ఆఫీసు మనుషులు చుట్టూ తాడు కడుతుంటే భార్య ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లింది.

“ఇక ఇక్కడ ఇటుక పెట్టరు కదమ్మా?”

“ఒక్కటి కూడా పెట్టరు.”

“ఆ మిషను మళ్లీ వస్తే?”

“రాదు. నేను చూసుకుంటాను కదా. పెంకు సరిగ్గా ఎక్కడ దొరికిందో చూపిస్తారా?”

భార్య అతని వంక చూసింది. చూపించమన్నట్టు అతను తలాడించాడు. కాపలా పెడితే ముందు అక్కడే పెట్టాలి మరి. ఆమె తడబడకుండా నడిచి, వంగి, నేల మీద అరచెయ్యి ఆనించింది.

“ఇదిగో, ఇక్కడ. ఈ చోటు మాత్రం భద్రంగా చూడాలి తల్లీ.”

ఆఫీసరమ్మ అక్కడ చిన్న ఎర్రజెండా గుచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“దిగులు పడకండమ్మా. మేం పనిచేసేది మిషన్లతో కాదు, చేతులతో.”

చాలా ఏళ్ల తర్వాత భార్య మొహంలో నవ్వు చూశాడతను.

“మొదటి గుంట ఇక్కడే తవ్వుతాం.”